పల్లేరు కాని పువ్వు

కొల్లేరు నీళ్ళు తీసిన ఒండ్రులో నేలబారుగా పూసే ఆ చిన్న పసుపు పువ్వు కనబడితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దొరల రోజుల్లో, ఏలూరు బడికి ఆ మొక్కను వేళ్ళతో సహా పట్టుకెళ్ళాను. మేష్టారు అయిదు రేకులు లెక్కపెట్టి, "పల్లేరే" అని కిటికీలోంచి విసిరేశారు.

"కాదండీ, పల్లేరు గుచ్చుకుంటుందండీ. దీనికి ముళ్ళుండవండీ, ఆకు అంచులు రంపంలా ఉంటాయండీ."

"చేపలోళ్ళ పిల్లవి, నాకు పాఠం చెబుతావా?" అని అరచేతులు వాచేలా కొట్టారు.

చదువుకున్నాయన మాట తప్పు కాదనుకుని, సాయంత్రం ఆ మొక్కల మీద ఉత్తకాళ్ళతో ముళ్ళ కోసం తొక్కుతూ తిరిగాను. ఒక్కటీ దిగలేదు.

ఇప్పుడు ఆ దెబ్బలకన్నా ఆయన బూట్లే గుర్తొస్తాయి. ఎంత ఎండలోనైనా విప్పేవారు కాదు. పల్లేరు ఏదో ఆ కాళ్ళకెలా తెలుస్తుంది?