సోమవారం రావాల్సిన పని లేదు

మా గిడ్డంగి రేణిగుంటలో, రైలు పట్టాలకు అవతల. పాలు, పెరుగు, నెయ్యి, ఐస్‌క్రీమ్ అక్కడినుంచే వ్యాన్లలో చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్తాయి. డ్రైవర్లందరికీ కంపెనీ ఫోన్లు. ఏ అంగడికి ఏ సరుకు దించాలో అందులోని యాప్ చెప్తుంది. ఆ యాప్ అన్ని ఫోన్లలోనూ ఒకే వెర్షన్‌లో ఉండేట్టు చూడటం నా ఉద్యోగం. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ, గొర్రెల్ని దొడ్డికి తోలే పనే అది. ఒకటి లోపలికొస్తే ఇంకొకటి బయటుంటుంది.

మొదట్లో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సోమవారం పొద్దున్నే డ్రైవర్లను ఆఫీసుకు పిలిచేదాన్ని. ఫోన్లన్నీ నా బల్ల మీద పరిచి, ఒక్కొక్కదానికి వైరు తగిలించి యాప్ ఎక్కించేదాన్ని. వాళ్ళు బెంచీ మీద టీ తాగుతూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. తెర మీది పగుళ్ళు చూసి ఏ ఫోన్ ఎవరిదో చెప్పగలిగేదాన్ని. విసుక్కునేదాన్ని కూడా. నా బతుకంతా ఈ వైర్లకే సరిపోతోందని పైవాళ్ళతో పోట్లాడేదాన్ని.

వాళ్ళలో వడమాలపేట దారిలో బండి తోలే పెద్దాయన ఒకరు. తిరుపతిలో పాత ముస్లిం కుటుంబం. అందరూ భాయ్ అనేవాళ్ళు, నేను చిన్నాయనా అనేదాన్ని. దూరాన వచ్చే బస్సు బోర్డు చదివేవాడు గానీ, చేతిలో ఉన్న ఫోన్ ఆయనకు సరిగా కనబడేది కాదు. అద్దాలు మార్చినా అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూపు తగ్గిందని తెలిస్తే డ్రైవరును ఎవరు ఉంచుకుంటారు? నాకూ చెప్పలేదు. ఫోన్‌ను ముఖానికి దగ్గరికీ దూరానికీ జరుపుతుంటే నేనే కనిపెట్టాను.

మా యాప్‌కు ఒక పాడు అలవాటు ఉండేది. కొత్త వెర్షన్ ఎక్కిన ప్రతిసారీ అక్షరాలు మళ్ళీ చిన్నవైపోయేవి. వాటిని పెద్దవి చేసే మీట ఎక్కడో లోపల, ఇంగ్లీషులో దాక్కుని ఉండేది. అందుకని ఆయన ఫోన్ చివర్లో తీసుకుని, అక్షరాలు పెద్దవి చేసి, ఏమీ అనకుండా చేతికిచ్చేదాన్ని. ఆయనా ఏమీ అనేవాడు కాదు. సమోసాల పొట్లం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు.

తర్వాత హెడ్డాఫీసు కొత్త ఏర్పాటు తెచ్చింది. నేను నా కంప్యూటర్లో ఒక మీట నొక్కితే చాలు, అందరి ఫోన్లలోకీ కొత్త యాప్ దానంతటదే వెళ్ళిపోతుంది. వెళ్ళిన ఫోన్ పక్కన పచ్చగుర్తు పడుతుంది. మొదటిసారి అన్నీ పచ్చబడ్డప్పుడు, పెళ్ళి ముగిసిన ఇంట్లో మనిషిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఆ వారంలోనే ఆయన ఫోన్ చేశాడు.

"మళ్ళా సోమవారం ఎప్పుడు పిలుస్తావు పాపా?"

"ఇంక మీరు రావాల్సిన పని లేదు చిన్నాయనా. యాప్ అదే వచ్చి ఫోన్లో కూర్చుంటాది."

"అట్లనా. మంచిదేలే పాపా. నీకూ పని తగ్గె," అన్నాడు. నేను తొందరలో ఉండి పెట్టేశాను.

ఆ తర్వాత ఆయన దారిలో ఒక అంగడి పెరుగు ఇంకో అంగడిలో దిగింది. ఐస్‌క్రీమ్ పెట్టె ఒకటి పోవాల్సిన చోటికి పోక కరిగిపోయింది. సూపర్‌వైజర్ అడిగితే "పొరపాటైంది సార్" అన్నాడట, అంతే. ఇంకోసారి పిలిపించేలోపు ఆయనే గేటు దగ్గర ఫోన్ అప్పగించి, ఇంక రానని చెప్పి వెళ్ళిపోయాడు. నేను మేడ మీదే ఉన్నాను. పైకి రాలేదు.

ఆ ఫోన్ నా బల్ల మీదికి వచ్చింది. తెరిచి చూస్తే ఫోటోలుండే చోట అన్నీ యాప్ బొమ్మలే. దించాల్సిన సరుకు వివరం కనబడగానే ఆ తెరను అట్లే స్క్రీన్‌షాట్ తీసుకునేవాడు. యాప్‌లో అక్షరాలు సాగవు గనుక, ఆ ఫోటోను రెండు వేళ్ళతో సాగదీసి చదువుకునేవాడు. ప్రతి అంగడికీ అదే కథ. తొందరలో పాత ఫోటో చదివిన రోజే సరుకు తప్పు చోట దిగి ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నా కంప్యూటర్లో ఆ ఫోన్ పక్కన పచ్చగుర్తే ఉంది.

ఆయనకు ఫోన్ చేశాను. "ఒక్క మాట చెప్పింటే పెద్దవి చేసి ఇచ్చేదాన్ని గదా చిన్నాయనా," అన్నాను.

"చెప్పేవాణ్ణే అయితే ఎప్పుడో చెప్పింటాను పాపా," అన్నాడు. మళ్ళీ రమ్మంటే, బిడ్డలు ఇంక వద్దంటున్నారన్నాడు. ఆయన గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఫోన్ ఇంకొకరికి ఇచ్చే ముందు అందులో ఉన్నదంతా తుడిచేయాలి. సాయంత్రం దాకా చేతులు రాలేదు. ఆఖరికి తుడిచి, ఆ దారికి వేసిన కొత్త డ్రైవరు చేతికిచ్చాను. అక్షరాలు కనబడుతున్నాయా అని అడిగాను.

"బాగా కనబడతాండాయి మేడమ్," అన్నాడతను, ఆ ప్రశ్న ఎందుకో అర్థంకాక.