విశ్వకర్మ పూజనాటి ఆకుపచ్చ ట్యాగు

ఆరేళ్ళు ఒక బరువు మోశాను. బరువంటే బండరాయి అనుకోకండి. అరచేతిలో పట్టే ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాగు. తూకం వేస్తే తులం కూడా ఉండదు. ఇన్నాళ్ళూ నా బీరువాలో, పదో తరగతి మార్కుల జాబితా కింద ఉండేది. రెండూ ఎవరికీ చూపించనివే.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పేస్తాను. రాయపూర్‌లో పుట్టాను, హిందీలో చదివాను, తెలుగు అక్షరాలు అమ్మ దిద్దించింది. నా అబద్ధాలన్నీ హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశాను, స్టాంపు వేసి మరీ. తెలుగు ఒక్కటే ఇంకా పాడు చేయకుండా మిగిలింది. పైగా మా ఆఫీసులో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఏది అసలు కారణమో మీరే తేల్చుకోండి.

ఇంకో మాట. ఇందులో ఎవరూ చనిపోలేదు. అందుకే నాకు జోకులు వేసే వీలు మిగిలింది. అది నా గొప్ప కాదు. ఆ వీలు నాకు మిగిల్చిన మనిషికి దండం పెట్టుకోవడానికే సగం ఇది రాస్తున్నాను. మిగతా సగం ఒప్పుకోవడానికి.

రాయపూర్ పక్కన ఫ్యాక్టరీలుండే ఉర్లాలో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజర్ని. ఫ్యాక్టరీలు మరమ్మతుకి ఆపినప్పుడు ఎత్తు మీద పనిచేసే మనుషుల్ని మేం పంపుతాం. ఆ పని రావాలంటే కంపెనీకి సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ రావాలంటే ఫైళ్ళుండాలి. ఫైళ్ళుండాలంటే నేనుండాలి. ఇరవై మూడేళ్ళవాడికి అంత ప్రాముఖ్యం దొరికితే తల తిరగదా? తిరిగింది.

ఆడిట్ ఇంకా వారం ఉందనగా చూస్తే ఫైళ్ళలో ఏమీ లేదు. మా వాళ్ళు ఇరవై మూడు మందికీ ఎత్తు పనిలో శిక్షణ ఇచ్చినట్టు, పరీక్ష పెట్టినట్టు కాగితాలు కావాలి. పరీక్ష నేనే రాశాను, ఇరవై మూడు సార్లు, మూడు రంగుల పెన్నులతో. అందరికీ మంచి మార్కులొస్తే అనుమానం వస్తుందని కొందరిచేత కావాలని తప్పులు రాయించాను. అంటే, నేనే రాశాను. వేలిముద్రలకి నా పది వేళ్ళూ సరిపోక మళ్ళీ బొటనవేలి నుంచి మొదలుపెట్టాను. ఆడిటర్ వేలిముద్రలు చూడలేదు. ఫైలు మందం చూశాడు.

ఆ తర్వాత సేఫ్టీ బెల్టులు. నడుముకీ భుజాలకీ కట్టుకుని, దాని తాడు చివరి హుక్ పైన ఇనప పైపుకి తగిలించుకుంటారు. ఒక్కో బెల్టునీ కుట్టు కుట్టూ చేత్తో తడిమి చూసి, తేదీ వేసి, ఆకుపచ్చ ట్యాగు కట్టాలి. ట్యాగు ఉందంటే ప్రాణం పెట్టొచ్చని అర్థం. పదకొండు బెల్టులు. నేను కుర్చీలోంచి లేవకుండా పదకొండు ట్యాగులు రాశాను. ఆడిట్‌కి ముందు నెలలో ఏదో తేదీ వేశాను. ఆదివారం పడకుండా మాత్రం చాలా జాగ్రత్తపడ్డాను.

సర్టిఫికెట్ వచ్చింది. మా కంపెనీ యజమాని సేఠ్ మిఠాయి పంచాడు. నేను రెండు తిన్నాను.

మా దగ్గర ఎత్తు మీద ఇనప పని చేసే కలాసీలకి మేస్త్రి సింహాచలం బాబాయ్. మా నాన్నది శ్రీకాకుళం, ఆయనదీ ఆ పక్కే, అందుకని బాబాయ్. ఆయనకో అలవాటు. కొత్తవాడు మొదటిసారి పైకెక్కితే, బెల్టు ఉన్నా సరే, తన సొంత తాడొకటి వాడి నడుముకి కట్టి, రెండో కొస దూలానికి రెండు చుట్లు తిప్పి చేతిలో పట్టుకుని నిలబడతాడు. ఆయన ఊరివాళ్ళందరూ అలాగే చేస్తారట. మేం దాన్ని మేక తాడు అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. అంతటితో ఆగకుండా, ప్రమాణం లేని తాళ్ళు వాడకూడదని ఫైల్లో కూడా రాశాను. బాబాయ్‌కి చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. అందుకని ఆ నియమం ఆయన దాకా చేరలేదు. మా అమ్మ మొక్కని దేవుడు లేడు కానీ, నన్ను కాపాడింది ఆయన చదువు లేకపోవడమే అనుకుంటాను.

దేవ్‌లాల్ ఆరంగ్ దగ్గరి పల్లెవాడు. నా ఈడువాడే. పనిలో చేరిన మూడో రోజు మొదటిసారి పైకెక్కాడు. కాలు జారింది. ఎప్పుడో వెల్డింగ్ నిప్పురవ్వ పడి లోపల కాలిన కుట్టు, ఆకుపచ్చ ట్యాగు కట్టిన ఆ బెల్టుది, పుటుక్కున తెగింది. బాబాయ్ తాడు తెగలేదు. దేవ్‌లాల్ నిలువెత్తు కిందకి పడి గాల్లో వేలాడాడు, స్పృహ తప్పి. బాబాయ్ అరచేతుల చర్మం తాడుతో పోయింది. కుడి భుజం కీలు ఊడింది. ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు.

సేఠ్ నన్ను పిలిచి, సర్టిఫికెట్ పోతే అరవై ఇళ్ళలో పొయ్యి వెలగదని చెప్పాడు. నిజమే. నేను ఆ అరవై ఇళ్ళ కోసమే రాశానా? చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. కాదు. అరవై ఒకటో ఇల్లు మాది, నేను ఆలోచించింది దాని గురించే. ‘కార్మికుడు హుక్ తగిలించలేదు’ అని రిపోర్టులో రాశాను. తెగిన బెల్టు తుక్కు లారీలో వెళ్ళిపోయింది. దేవ్‌లాల్‌కి ఆ పూట సంగతులేవీ గుర్తులేవు. హుక్ మర్చిపోయావు, ఎవరికైనా జరుగుతుందిలే అని భుజం తట్టి చెప్పాను. తల ఊపి వేలిముద్ర వేశాడు. నా ఫైళ్ళన్నిటిలో మొదటి నిజమైన వేలిముద్ర అది.

అజాగ్రత్తగా ఉన్నాడని ఫ్యాక్టరీ వాళ్ళు అతని గేటు పాస్ రద్దు చేశారు.

బాబాయ్‌ని చూడటానికి అరటిపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. చేతులకి కట్లు. దిండు కింద నుంచి ఏదో తీయమని గడ్డంతో చూపించాడు. తీశాను. ట్యాగు.

“ఈ తేదీ నువ్వేసిందేనా, బాబూ?”

అవునన్నాను.

“ఆ రోజు విశ్వకర్మ పూజ. బెల్టులన్నిటికీ బొట్టెట్టింది నానే. పూజలో ఎట్టిన సామాను ఆ రోజు ఎవులు ముట్టుకుంటారు?”

నిజమే. పూజ రోజు పనిముట్టు ముట్టుకోరు. స్టోరుకి తాళం. నేనక్కడే నిలబడి బూందీ తిన్నాను కూడా. అయినా నోరు ఊరుకోదు కదా.

“విశ్వకర్మే వచ్చి చెక్ చేసుంటాడు, బాబాయ్.”

ఎప్పుడూ నా జోకులకి నాకంటే ముందు నవ్వే మనిషి. నవ్వలేదు.

“మరి సంతకం ఆయన్నే ఎట్టమనాల్సింది.”

ట్యాగు నన్నే ఉంచుకోమని అన్నాడు. “ఆడు హుక్ ఎట్టాడు. నాను సూసినాను. ఆడికి సెప్పు. నానూ సెప్పగల్ను గానీ, కాయితం రాసినోడు సెప్తేనే ఆడికి నమ్మకం.”

సరే అన్నాను. ఆయన ఊరికి వెళ్ళిపోయాక ఫోన్ చేసి అడిగితే, చెప్పేశానన్నాను. “మంచిది బాబూ” అన్నాడు. ఆ మాట మళ్ళీ మళ్ళీ వినబడేది. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

మారలేదా అంటే, మారాను. అప్పటి నుంచి ప్రతి బెల్టూ నా చేత్తోనే తడుముతాను. శిక్షణ నిజంగానే ఇస్తాను. మా వాళ్ళు నిజంగానే ఫెయిలవుతారు. కొత్తవాడెక్కితే రెండో తాడు కడతాం, ఇప్పుడది ఫైల్లో నియమం. ఈ ఆరేళ్ళలో పైకెక్కిన ప్రతివాడూ కిందకి దిగాడు. రోజూ సాయంత్రం హెల్మెట్లు లెక్కపెట్టుకుంటూ బాబాయ్‌ని తలుచుకుంటాను. కానీ ఈ మంచితనమంతా ఒకే ఒక్క పని చేయకుండా తప్పించుకోవడానికి కాదా? చెప్పాల్సిన మాట ఒకటే. ఆరంగ్ బస్సులో గంట దూరం.

ఈ ఏడు పూజ రోజున బాబాయ్ ఫోన్ చేశాడు. దేవ్‌లాల్ నంబరు కావాలట, వాడితో ఓసారి మాట్లాడాలని ఉందట. కాబట్టి నాకు ధైర్యమొచ్చి వెళ్ళాననుకోకండి. పట్టుబడతానని వెళ్ళాను.

దేవ్‌లాల్ రైసు మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. నన్ను చూసి సంతోషించి ఇంటికి తీసుకెళ్ళాడు. లోపలికొచ్చేటప్పుడు గొళ్ళెం మూడుసార్లు లాగి చూశాడు. సైకిల్ తాళం మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడు. తనకి మతిమరుపు అని నవ్వుతూ చెప్పాడు. ఆ హుక్ మర్చిపోయిన రోజు నుంచి తన మీద తనకే నమ్మకం లేదట. అందుకే పిల్లాణ్ణి సైకిలెక్కించుకోనివ్వదట భార్య.

నేను రద్దయిన గేటు పాస్ గురించి మాత్రమే క్షమాపణ తయారు చేసుకుని వెళ్ళాను. ఇది నా లెక్కలో లేదు. జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. చెప్పాను, మొదటి నుంచీ. ట్యాగు చేతిలో పెట్టాను.

చాలాసేపు దాన్నే తిప్పి చూశాడు. తర్వాత ఛత్తీస్‌గఢీలో ఒక్కటే అడిగాడు.

“హుక్ లగే రిహిస్?”

హుక్ తగిలించే ఉందా, అని.

“లగే రిహిస్,” అన్నాను.

లేచి వెళ్ళి భార్యని పిలుచుకొచ్చాడు. ఆమె ముందు ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె పిల్లాణ్ణి చంకనెత్తుకుని నా వంక చూస్తూ నిలబడింది. పర్వాలేదని ఎవరూ అనలేదు. టీ తాగమని కూడా అనలేదు. ట్యాగు అతను తిరిగివ్వలేదు, నేనడగలేదు.

జరిగింది జరిగినట్టు రాసి, ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసులో రేపు ఇవ్వాల్సిన కాగితం బ్యాగులో ఉంది. ఈసారి నా సంతకమే, అసలు తేదీయే. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో నాకు తెలియదు.

ఆరంగ్ బస్టాండులో నిలబడి బాబాయ్‌కి దేవ్‌లాల్ నంబరు పంపాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దిగాల్సిన చోటు దాటిపోయి, రాయపూర్ అవతలి చివరున్న టాటీబంధ్ దాకా నిద్రపోయాను.