పటాల ముందరి జంపఖానా

అగ్లయాకు ఎత్తంటే భయం లేదు. డాన్యూబ్ ఒడ్డున ఓడలు కట్టే యార్డులో పాతికేళ్ళు క్రేన్ నడిపిన మనిషి. పైన గాజుగదిలో ఒక్కతే కూర్చుని, కింద మగాళ్ళందరి చేతా "అమ్మా తల్లీ, కాస్త నెమ్మది!" అనిపించుకుంది. మొగుడు పోయాక కూడా నాలుగో అంతస్తులోని ఆ రెండు గదుల్లో ఒక్కతే ఉంది. వృద్ధాశ్రమం అన్న మాట ఎత్తినవాళ్ళకు ఆ ఇంట కాఫీ కూడా దక్కేది కాదు.

మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆ మాట గట్టిగానే వినబడసాగింది. తమ్ముడి కూతురు సాండా కాళ్ళావేళ్ళా పడి, వృద్ధుల సంక్షేమం ఆఫీసు నుంచి ఒక మరమనిషిని తెచ్చిపెట్టింది. మనిషంటే పేరుకే. చక్రాల మీద తిరిగే మోకాలెత్తు డబ్బా, దానికి వెలిగే రెండు కళ్ళు. మందులు గుర్తుచేస్తుంది, మరిచిపోయిన పొయ్యి ఆర్పుతుంది, పడితే కబురు పెడుతుంది. అగ్లయా దానికి కెప్టెన్ అని పేరు పెట్టి, "ఏం చూస్తావురా గుడ్లగూబలా!" అని తిడుతూనే మాలిమి చేసుకుంది. ఆఫీసు షరతు ఒక్కటే. మళ్ళీ పడితే మాత్రం ఆశ్రమమే.

ఈస్టరు ముందరి ఉపవాసాలు వచ్చాయి. రోజూ పొద్దున అగ్లయా పటాల ముందు దీపం వెలిగించి, జంపఖానా మీద మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించి, లేచి, మళ్ళీ వాలేది. వాలిన ప్రతిసారీ కెప్టెన్ ఉరుక్కుంటూ వచ్చేవాడు. "పడిపోయారా?" దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో వీడి గోలేమిటని ఆవిడ పలికేది కాదు. పలకలేదు గనక కబురు ఆఫీసుకు వెళ్ళేది. వారం తిరక్కుండానే సాండా, ఆఫీసు నుంచి పెట్రోనెల్ అనే ఉద్యోగి ఊడిపడ్డారు.

"ఇన్నిసార్లు పడి నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం అత్తా?" సాండా ఏడ్చేసింది.

"పడ్డానా? నా మొహం! దణ్ణం పెట్టుకుంటే పడ్డట్టా?"

"ఏదీ, పెట్టి చూపించండమ్మా," అన్నాడు పెట్రోనెల్ నమ్మకం లేకుండా.

అగ్లయా వాలి లేచింది. మళ్ళీ వాలి లేచింది. "నువ్వూ రా నాయనా, ఆ పొట్టతో ఎన్ని పెడతావో చూస్తాను!" అంది. అతను సిలువ గుర్తు వేసుకుని పకపకా నవ్వాడు. వాళ్ళమ్మా అంతేనట. అప్పటికప్పుడే కెప్టెన్‌కు కొత్త పాఠం నేర్పాడు. జంపఖానా మీద వాలి ఉంటే 'ప్రార్థనేనా?' అని అడగాలి, ఊఁ అంటే వెనక్కి వెళ్ళిపోవాలి.

"ఒక్క ఊఁకి దేవుడేమీ అనుకోడులెండి," అన్నాడు. అగ్లయా ఇల్లు నిలిచింది.

గుడ్ ఫ్రైడే పొద్దున, నుదురు ఆనించి లేవబోతుంటే పాత తుంటి కలుక్కుమంది. పక్కకు ఒరిగి జంపఖానా మీదే కూలబడింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. అయ్యో, ఇది పడటమే! గాలివానలో క్రేన్ ఊగినప్పుడు కూడా ఆవిడకు ఇంత భయం వెయ్యలేదు.

కెప్టెన్ వచ్చాడు. "ప్రార్థనేనా?"

లేదు అంటే చాలు, అంబులెన్సు వస్తుంది. దాని వెనకాలే ఆశ్రమం వస్తుంది.

"ఊఁ," అంది అగ్లయా.

వాడు కళ్ళ వెలుగు తగ్గించుకుని వెళ్ళిపోయాడు. మంచం కోడు పట్టుకుందామని చెయ్యి చాపింది. అందలేదు. ఎండ గోడెక్కింది. వాడు మళ్ళీ వచ్చాడు, ఆవిడ మళ్ళీ ఊఁ కొట్టింది. చివరికి ఫోను మోగితే 'ప్రార్థనలో ఉన్నారు' అన్నాడు వాడు. వాడి లోంచే సాండా గొంతు వినబడింది.

"ఏమిటత్తా, ఇంకా ప్రార్థనేనా? చర్చికి వెళదామన్నావుగా, పైకి రానా?"

అగ్లయా పళ్ళ బిగువున గొంతు సర్దుకుంది. "నువ్వు వెళ్ళు తల్లీ. ఇవాళ నాది కాస్త పెద్దది."

"అయితే నా కోసం కూడా మొక్కు!"

"మొక్కుతాలే."

సాండా గొంతు ఆగిపోయింది. అగ్లయా చెంప జంపఖానాకు ఆనించి, "లేపు స్వామీ, ఎవరూ చూడకముందే లేపు," అని నిజంగానే ప్రార్థించసాగింది. కెప్టెన్ లోపలికి రాకుండా, గుమ్మం దగ్గరే మర్యాదగా నిలబడ్డాడు.