తువ్వాలు కింద ధర

ఈ మధ్య మార్కాపురంలో దొరికే తువ్వాళ్లు నీళ్లు పీల్చడం లేదు. ముఖం తుడుచుకుంటే తడి ఈ చెంప మీది నుంచి ఆ చెంప మీదికి మారుతుందే తప్ప గుడ్డలోకి పోదు. కొట్టువాణ్ణి అడిగితే, "నాలుగు ఉతుకులు పడనీ సార్, దానికే బుద్ధొస్తాది" అన్నాడు. సంవత్సరం నుంచి ఉతుకుతున్నాం. బుద్ధి మాకు వచ్చింది గాని దానికి రాలేదు.

మా నాయన భుజం మీది తువ్వాలుకు ఇట్లాంటి లోపాలు లేవు. చెమట తుడిచేది, ఎండ ఆపేది, బస్సులో సీటు పట్టేది. అసలు పని మాత్రం ధర దాచడం. నాయన పశువుల సంతలో దళారి. బేరమాడే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. నచ్చకపోతే చెయ్యి విదిలిస్తారు, మళ్లీ పట్టుకుంటారు. పైకి మాత్రం వానల గురించి, ఎవరింట్లోనో పెళ్లి గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ నిలబడిన వాళ్లకు ఎద్దు కనిపిస్తుంది, మనుషులు కనిపిస్తారు, ధర ఒక్కటే కనిపించదు. బేరం కుదిరాక కూడా బయటికి చెప్పరు. చెబితే పక్కవాడి బేరం చెడుతుంది.

నేను ఎంబీయే చదివి ఇదే పని చేస్తున్నాను, తువ్వాలు లేకుండా. టీవీకి తగిలించి ఆడుకునే ఆటల పెట్టెలు ఉంటాయి. వాటిని తయారుచేసే పెద్ద కంపెనీలను లెక్కబెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు, ఇంకా మిగులుతాయి. వాటిలో ఒకదాని పెట్టెను మన దేశంలో ఎంతకు అమ్మాలో లెక్కగట్టే బృందంలో నేనూ ఉన్నాను. ఆఫీసు బెంగళూరులో ఉంది. నేను మార్కాపురం దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే కూర్చుని పని చేస్తాను.

కొత్త పెట్టె ధర దానిలోని సామాను ఖర్చును బట్టి ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. ఆ లెక్క తొందరగానే తేలిపోతుంది. ఆ మీద పన్ను ఎంత, దుకాణం వాడికి ఎంత, అదీ తేలుతుంది. తేలనిది ఒక్కటే, అవతలి జపాను కంపెనీ ఎంత చెబుతుందనేది. మిగతా నెలలన్నీ దానికే పోతాయి. ముందు చెప్పినవాణ్ణి చూసి రెండోవాడు కాస్త తగ్గించి చప్పట్లు కొట్టించుకుంటాడు. అలాగని ఎవరూ చెప్పకుండా కూర్చుంటే, ధర చెప్పడానికి జంకుతున్నారని కొనేవాళ్లే అంటారు. అందుకని ఇద్దరూ పెట్టె రంగు చూపిస్తారు, దాని వేగం చూపిస్తారు, కొత్త ఆటలు చూపిస్తారు. ధర దగ్గరికి వచ్చేసరికి వానల గురించి మాట్లాడతారు.

ఉద్యోగంలో చేరినప్పుడు ఇదంతా నాయనకు చెప్పాను.

"ఎంతకమ్మాలో చెప్పేదానికి నెలనెలా జీతమా?" అన్నాడు.

"ఊఁ."

"అమ్ముడుపోకున్నా ఇస్తారా?"

"ఇస్తారు."

"మంచి కంపెనీ. వదలొద్దు."

పెట్టెను మొదట్లో నష్టానికే అమ్ముతారని, తర్వాత ఆటలు అమ్మి రాబట్టుకుంటారని చెప్పినప్పుడు మాత్రం ఆయనకు నచ్చలేదు.

"అంటే, ఎద్దును నష్టానికిచ్చి ముల్లుగర్రలో లాభం తీసినట్టా?"

"దాదాపు అట్లే నాయనా."

"అది దళారి పని కాదురా. దొరల పని" అన్నాడు. నష్టానికి అమ్మడం గురించి ఆయన ఇంతకంటే మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదా అని నాకు అప్పుడు తోచలేదు.

మాకూ ఒక జత ఎద్దులు ఉండేవి. అమ్మ పుట్టిల్లు పుల్లలచెరువు వైపు. అక్కడి నుంచి తోలుకొచ్చిన ఆవుకు పుట్టిన కోడెలు. ఒకదానికీ ఇంకోదానికీ ఏడాది తేడా. అమ్మే సాకింది. గంజి తాగించింది, కొమ్ములకు నూనె రాసింది, నన్ను తిట్టని తిట్లు వాటిని ముద్దుగా తిట్టింది. నేను డిగ్రీలో ఉండగా నాయన పొలంలో బోరు వేయించాడు. మొదటి బోరులో దుమ్ము లేచింది. రెండో బోరులో ఇంకా మెత్తటి దుమ్ము లేచింది. బోరుబండి వాళ్లు డబ్బు కోసం మా అరుగు మీదే మకాం పెట్టారు. ఒకరోజు పొద్దున నాయన ఎద్దులకు స్నానం చేయించి సంతకు తోలుకుపోయాడు. ఊరి ఎద్దులన్నిటికీ బేరం చేసినవాడు, సొంత ఎద్దులను అమ్మడం అదే మొదలు.

కొన్నది గిద్దలూరు వైపు దళారి. ఏళ్ల తరబడి నాయనకు పోటీ. ఈయన బేరం ఆయన చెడగొట్టేవాడు, ఆయన బేరం ఈయన చెడగొట్టేవాడు, మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చోట కూర్చుని టీ తాగేవాళ్లు. ఆ సాయంత్రం నాయన ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. డబ్బు, సంతదాకా వెంట వచ్చిన బోరుబండి వాళ్లకు దారిలోనే ఇచ్చేశాడు.

"ఎంతకు పోయినాయి?" అని అడిగింది అమ్మ.

"పోయినాయి" అన్నాడు నాయన.

అమ్మ ఆ తర్వాత చాలాసార్లు అడిగింది. కోపంలో అడిగింది, మంచిగా ఉన్నప్పుడు అడిగింది, పండగపూట అన్నం వడ్డిస్తూ అడిగింది. జవాబు మారలేదు. నిరుడు నాయన కూడా పోయాడు, ధర చెప్పకుండానే.

మా ఇంట్లో నెట్ అందేది గొడ్లపాకలో మాత్రమే. దాన్నే నా ఆఫీసు చేసుకున్నాను. గొడ్లకు మేత వేసే గాడి మీద పలక వేస్తే బల్ల అయింది. వీడియో కాల్‌లో వెనక కట్టుగొయ్యలు కనబడకుండా మసక పెట్టుకుంటాను. ఎద్దులు పోయి చాలా కాలమైనా గాలి తిరిగినప్పుడు వాటి వాసన వస్తుంది. పాత గోడలు వాసన పట్టుకుంటాయని సర్ది చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి ఇట్లాంటి సర్దుబాట్లు తొందరగా దొరుకుతాయి.

ఈసారి రెండు కంపెనీల పెట్టెలూ ఒకే కాలంలో వస్తున్నాయి. రోజూ మీటింగులు. ఒకరోజు మా బృందం పెద్దాయన మాట్లాడుతూ ఆగి, "ఎవరి వెనకో గంటలు మోగుతున్నాయి. ఎద్దుల గంటల్లాగా ఉన్నాయి. దయచేసి మ్యూట్ చేసుకోండి" అన్నాడు. అందరి అనుమానమూ నా మీదికే వచ్చింది, నేనొక్కణ్ణే పల్లెలో ఉన్నాను కాబట్టి.

నేను అప్పటికే మ్యూట్‌లో ఉన్నాను.

చేతి సంగతి ఆ తర్వాత మొదలైంది. ధర మాట వచ్చినప్పుడల్లా బల్ల కింద నా కుడిచేతి వేళ్లు రెండు ఎవరో పట్టుకున్నట్టుండేది. గట్టిగా కాదు, బేరం మొదట్లో పట్టుకున్నట్టు. మార్కాపురంలో డాక్టరుకు చూపించాను. కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చుంటే నరాలు అట్లాగే చేస్తాయని మాత్రలు రాశాడు. మాత్ర వేసుకున్న రోజు మూడు వేళ్లు పట్టుకున్నాడు.

ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఒక పొద్దున టీ ఇస్తూ ఆమే అంది.

"మీ నాయన రాత్రి మళ్లా వచ్చినాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? చేతికి తువ్వాలు చుట్టుకోని నిలబడుకోనుండాడు. తియ్యి, చూస్తా అంటే తియ్యడు."

"కలలేమ్మా."

"కలని నాకు తెలవదా? కల్లోనన్నా తియ్యొచ్చు గదా!"

టీ తాగేశాను. తర్వాత గ్లాసు తీసుకుంటూ అంది.

"జపానోడి మనసులో ధర కనుక్కుంటావని నీకు జీతమిస్తుండారంట. గిద్దలూరోడి మనసులోది కనుక్కోలేవా?"

"ఇప్పుడెందుకమ్మా అదంతా?"

"ఆయనా ముసిలోడైపాయె. ఆయన కూడా పోతే ఇంగ చెప్పేటోడెవురు? తక్కువకు పోయినాయంటే తక్కువని ఏడుస్తా. ఎక్కువకు పోయినాయంటే నాకు చెప్పకుండా దాచినాడని తిడతా. రెండిట్లో ఏదో ఒకటి చేసేదానికి నాకు తెలియాల గదరా. ఊరికే ఎన్నేండ్లుండేది?"

వెళ్తానన్నాను. వెంటనే వెళ్లలేదు. ఆ వారమే అవతలి కంపెనీ ధర చెప్పేసింది.

ఎవరూ అనుకోలేదు. ఆ సాయంత్రం వాళ్ల కార్యక్రమంలో ఆటలు చూపించారు, పాటలు పెట్టారు, చివర్లో తెర మీద అంకె వేశారు. మేం ఊహించినదానికంటే బాగా తక్కువ. బేరంలో ఒకడు ధర చెప్పాక రెండోవాడు పెట్టే ముఖం ఒకటుంటుంది, ఏమీ లేని ముఖం. తెర మీద ఉన్న చిన్న చిన్న గళ్లలో అందరూ ఆ ముఖమే పెట్టుకున్నారు. వాళ్లలో ఎవరూ సంతకు పోయి ఉండరు.

"వాళ్లకెందుకంత తొందర?" అన్నాడు మా పెద్దాయన. "లోపల ఏదో అవసరం ఉంది. అవసరం లేనివాడు ముందు చెప్పడు."

"ఉంటుంది" అన్నారు ఒకరిద్దరు.

"అదేదో తెలిస్తే ఇంకా కిందికి తొయ్యొచ్చు."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అప్పటిదాకా బల్ల కింద నా వేళ్లు పట్టుకుని ఉన్న చెయ్యి వదిలేసింది. మా ధరను వాళ్లకంటే కాస్త తక్కువకు దించి, చివర తొమ్మిదులు పెట్టి, మీటింగు ముగించాం. ఆ రాత్రి అమ్మకు కల రాలేదట. పొద్దున ఆ మాట చెబుతూ ఆమె సంతోషంగా లేదు. "అలిగినాడేమో" అంది.

ఆదివారం గిద్దలూరు బస్సు ఎక్కాను. కంభం దాటేదాకా నిలబడి, ఆ తర్వాత కూర్చుని, దిగాక ఆటోలో ఆ ముసలాయన ఊరు చేరాను. ఇంటి ముందు రేకుల పందిరి కింద మంచం మీద కాళ్లు చాపుకుని ఎండ కాగుతున్నాడు. మనిషి బాగా ఎండిపోయాడు. చేతులు మాత్రం అట్లాగే ఉన్నాయి, మనిషికంటే రెండు సైజులు పెద్దవి. నేనెవరో చెప్పకముందే గుర్తుపట్టాడు.

"రా అల్లుడూ. మీ నాయన దినానికి రాలేకపోయినా. మనసొచ్చింది గాని బస్సోడు దాన్ని ఎక్కించుకోలే."

"పర్లేదు మామా."

"వానలెట్లుండాయి మీ పక్క?"

"లేవు."

"ఈడా లేవు. ఇంగ మాట్లాడుకునేదానికేముంది?" అని తనే నవ్వాడు. "ఏం జేస్తుండావు?"

"ధరలు పెట్టే పని మామా. కంపెనీలో."

"మీ నాయన పనే. కమీషనెంత?"

"కమీషన్ లేదు. జీతమే."

"అయ్యో" అన్నాడు, నిజంగానే బాధపడి.

కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది. తాగేదాకా ఆగి అడిగాను.

"మామా, మా ఎద్దుల జత మీరే గదా కొన్నది. ఎంతకు పోయినాయో మా నాయన ఎప్పుడూ చెప్పలేదు."

ఆయన ఏమీ లేని ముఖం పెట్టాడు. బేరంలో ఉన్నాడేమో అనిపించింది.

"మీ అమ్మ అడగమనిందా?"

"ఊఁ."

"ఆయమ్మ సాకినవి గదా. మంచి ఎద్దులు. నా చేతికింద పోయిన జతల్లో అంత నెమ్మదివి ల్యావు." కాళ్లు మంచం మీది నుంచి కిందికి దించాడు. "మీ నాయన నాకు వేలు చూపలేదబ్బయ్యా."

"అంటే?"

"తువ్వాలు కప్పినాక అమ్మేటోడు ముందు పట్టాల, నాకింత కావాలని. నేను కాచుకోనుండా. ఆయప్ప వేలు పట్టలే. నా చెయ్యి మొత్తంగా పట్టుకున్నాడు. పట్టుకోని వణికినాడు. పైన చూస్తే ముఖంలో ఏం ల్యా. ఈయేడు జొన్న బాగుందంటనే అని అందరికీ వినబడేటట్టు అడుగుతుండాడు. లోపల జూస్తే చెయ్యి వదల్లే. విదిలించబోయినా, వదల్లే."

పక్కింట్లో ఎవరో మోటారు వేశారు. నీళ్లు లేని మోటారు చప్పుడు. అది ఆగింది.

"మరి ధర?" అన్నాను.

"నేనే పెట్టినా." ఆయన నా ముఖంలోకి నేరుగా చూశాడు. "తక్కువ పెట్టినా. చెయ్యి వణికినోడికి సంతలో ఎవురైనా తక్కువే పెడతారు."