మంచు చూడటానికి ఇచ్చిన డేట్స్

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరూ లేచి ఆ ఏడాదికి ఒక తీర్మానం చెప్పాలి. తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేస్తామనేవాళ్ళు, చక్కెర మానేస్తామనేవాళ్ళు, అత్తగారితో గొడవపడనని చెప్పి ఆ మధ్యాహ్నానికే మాట తప్పేవాళ్ళు. ఈ ఏడాది నా వంతు వచ్చినప్పుడు లేచి, "ప్రయాణం చేస్తాను. మంచు చూస్తాను" అన్నాను. పాస్టరుగారి భార్య, "దానికంత దూరం దేనికమ్మా, ఫ్రిజ్ తలుపు తీస్తే సరి" అంది. అందరూ నవ్వారు.

వాళ్ళకు తెలియదుగాని, నేను ఇరవై ఏళ్ళుగా మంచులోనే బతుకుతున్నాను. నాది డబ్బింగ్ పని. తెర మీద హీరోయిన్ మంచుకొండల్లో వణుకుతుంటే, ఫిల్మ్‌నగర్ స్టూడియోలో మైకు ముందు పళ్ళు టకటకలాడించేది నేను. శబ్దం పడుతుందని అక్కడ ఏసీ కూడా ఆపేస్తారు. చెమటలు తుడుచుకుంటూ "చలేస్తోంది" అనాలి. ఎంతమంది హీరోయిన్ల కోసం వణికానో లెక్కలేదు. నేను చేసిన దేశాటన మాత్రం షేక్‌పేటలో అద్దె ఇంటి నుంచి కోస్తాలో పుట్టింటికి, మళ్ళీ అక్కడి నుంచి షేక్‌పేటకి. యాభై దగ్గర పడుతోంది. ఇక ఆగితే ఎప్పుడు వెళ్తాను?

మర్నాడు ఈ సంగతి నా స్నేహితురాలికి చెప్పాను. ఆమెదీ ఇదే పని, బోరబండ మనిషి. పదిహేనేళ్ళుగా పక్కపక్క మైకుల దగ్గర నిలబడ్డవాళ్ళం. నావి హీరోయిన్లు. ఆమెవి హీరోయిన్ పక్కన నడిచే స్నేహితురాళ్ళు, పెళ్ళి పందిట్లో గుంపు గొంతులు. తోడబుట్టినవాళ్ళు లేని నాకు ఆమే చెల్లెలు. ఆ రోజు విని ఊరుకుంది. నాలుగు రోజుల తర్వాత తనే వచ్చి, "నేను గూడ వస్త అక్కా" అంది. "మనాలి పోదాం. మార్చి రెండో వారం. గప్పుడు గూడ మంచు ఉంటదంట. జర గట్టిగ అనుకో, మళ్ళ డేట్స్ మార్చుడు లేదు."

మా రంగంలో డేట్స్ ఇవ్వడమంటే పెళ్ళికి మాటిచ్చినంత పని. వెనక్కి తీసుకున్నవాళ్ళను మళ్ళీ పిలవరు. ఆమె చేతిలో చెయ్యి వేసి ఆ వారం ఇచ్చేశాను.

ఆ తర్వాత రెండు నెలలు నేనున్నంత సంతోషంగా నా ఎరుకలో ఎప్పుడూ లేను. ఫిబ్రవరి ఎండలో టోలిచౌకి వెళ్ళి ఉన్ని టోపీలు కొనుక్కున్నాం. ఆమె కోతి టోపీ పెట్టుకొని ముసలి విలన్ గొంతుతో బేరమాడితే దుకాణదారు నవ్వలేక కూలబడ్డాడు. భోజనాల వేళ ఇద్దరం ఒక్క ఫోన్లోకి తలలు దూర్చి కొండల బొమ్మలు చూసేవాళ్ళం. రైలు టికెట్లు వచ్చిన రోజు కింది బెర్తు ఎవరిదని కాసేపు నిజంగానే పోట్లాడుకున్నాం.

ఫిబ్రవరి చివర్లో స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద సినిమా. హీరోయిన్‌ది ఇక్కడి పిల్ల పాత్ర, మాటలన్నీ తెలంగాణ యాస. డబ్బింగ్ మార్చి రెండో వారంలో. "హీరోయిన్‌కి మీరే చెప్పాలి మేడమ్" అన్నాడు డబ్బింగ్ పనులు చూసే ఇన్‌ఛార్జి. అలాంటి పాత్రలు నా వయసు గొంతుకు ఇక ఎన్నో రావు. దాచడమెందుకు, మనసు ఊగిసలాడింది. ప్రయాణం ఒక నెల జరుపుకుందామా అని ఆమెకే ఫోన్ చేసి అడిగాను.

"నువ్వు డేట్స్ ఇచ్చినవ్ అక్కా" అంది. "ఇరవై ఏండ్ల సంది గిట్లనే జరుపుకుంట వచ్చినవ్. సినిమాలు మస్తొస్తయ్."

నిజమే కదా అనిపించింది. కుదరదని ఇన్‌ఛార్జికి చెప్పేశాను. ఒక్కసారైనా నాకోసం నేను మాట నిలబెట్టుకున్నానని గర్వపడ్డాను కూడా.

రేపు రైలనగా ఆమె ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మ బాత్రూంలో జారిపడిందట, కాలు విరిగిందట. నేను వస్తానంటే వద్దంది, ఆసుపత్రిలో ఒక్కరినే ఉండనిస్తారట. ఆమె అక్కడ మంచం పక్కన కూర్చుంటే నేను వెళ్ళి మంచు ముద్దలు చేసుకుంటానా? టికెట్లు రద్దు చేశాను. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవి చీటీ రాసిచ్చాను. పాస్టరుగారు ఆ తల్లి కాలు కోసం పది నిమిషాలు గొంతెత్తి ప్రార్థించారు. మా సంఘంలో ఇద్దరు ముసలమ్మలు ఆ శుక్రవారం ఉపవాసం ఉన్నారు. తర్వాత కలిసినప్పుడు ఆ మాట చెబితే నా స్నేహితురాలు తల వంచుకుంది. కృతజ్ఞత అనుకున్నాను. అమ్మను ఊళ్ళో చుట్టాలింటికి పంపానంది గనక చూడటానికి వెళ్ళలేదు. నేను వదిలిన పాత్ర ఎవరు చెప్పారో తెలుసా అని అడిగితే, "చెన్నై కెళ్ళి ఎవరో వచ్చిన్రంట" అంది. చెన్నై నుంచి అంటే మనకు తెలియనివాళ్ళేలే అనుకున్నాను.

మే నెలలో ఒక సాయంత్రం టోలిచౌకిలో చాయ్ హోటల్లో కూర్చున్నాను. పక్క టేబుల్ మీద ఎవరో ఫోన్లో ట్రైలర్ పెట్టారు. హీరోయిన్ నోరు తెరిచింది. వచ్చింది నా స్నేహితురాలి గొంతు. ముందు కలిగింది ఆనందమే. హీరోయిన్‌కి చెప్పిందే అని కప్పు కింద పెట్టి చెవులు రిక్కించాను. తర్వాత సినిమా పేరు వినబడింది. నేను కాదన్న సినిమా. నేను షేక్‌పేటలో సర్దిన పెట్టె ముందు కూర్చొని ఆమె తల్లి కోసం ప్రార్థించిన వారం, ఆమె మైకు ముందుంది. చాయ్ మీద మీగడ కట్టేదాకా అలాగే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళి ఇన్‌ఛార్జిని అడిగాను. అతను పాపం దాచడానికి ఏమీ లేనట్టే చెప్పాడు. "మీరు కాదన్న పూటే ఆవిడ ఫోన్ చేసి నేను ఖాళీ అన్నారు మేడమ్. అయినా డేట్స్ మీకు జనవరిలోనే తెలుసుగా? ఐదో తారీఖున ఇక్కడ కొత్త సంవత్సరం కేకు కోసిన రోజు మీరు రాలేదు కదా, మార్చి రెండో వారం ఖాళీగా ఉంచుకోమని ఆవిడతోనే చెప్పి పంపానండీ."

కేకు కోసిన మర్నాడే ఆమె నా దగ్గరికొచ్చి మనాలి పోదామంది. అంటే నేను వదిలేశాక పాత్ర మీద ఆశపడటం కాదు. నాకు చేరాల్సిన కబురు తన దగ్గరే ఉంచుకొని, ఏరి ఏరి ఆ వారానికే నాతో ప్రయాణం కట్టించింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే ఇంటి దొంగ కోసం ఉపవాసాలు కూడా చేయించాను.

అక్కణ్ణుంచే ఆటో ఎక్కి బోరబండ వెళ్ళాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడితే ఎదురుగా ఆ సినిమా హోర్డింగే. తలతిప్పుకున్నాను.

తలుపు తీసింది తల్లి. చకచకా లోపలికి నడిచి మంచినీళ్ళు తెచ్చింది. "ఏం బిడ్డా, మమ్మల్ని మరిశినవా? కూసో, చాయ్ పెడ్త" అని మళ్ళీ అంతే చురుగ్గా వంటింట్లోకి వెళ్ళింది. ఆమె మీద నాకేం కోపం? ఆ నడక చూస్తుంటే మాత్రం నాకు ఏడుపొచ్చింది.

నా స్నేహితురాలు లోపలి గదిలోంచి వస్తూ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "తెలిసిందా అక్కా" అంది. తల్లికి వినబడకూడదని ఇద్దరం గొంతు తగ్గించాం.

"కన్నతల్లి కాలు విరిగిందనడానికి నీకు నోరెలా వచ్చింది?"

"తప్పే" అంది. తలెత్తింది. "గాని గా మాటలు మావి అక్కా. మా దిక్కు పిల్ల పాత్ర ఎప్పుడొచ్చినా నిన్నే పిలుస్తరు. నువ్వు నన్నడిగి నేర్చుకొని పోయి చెప్తవ్. 'గీమెతోని చెప్పియ్యిండ్రి' అని ఒక్కసారన్న అన్నవా?"

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఎదురుగా వచ్చి ఆ పాత్ర నాకు కావాలని అడిగి ఉంటే ఇచ్చేదాన్నో లేదో నాకే తెలియదు. పాత్ర పోతే పోయింది. నన్ను కోసేస్తున్నది ఆ రెండు నెలలు. టోపీలు, కొండల బొమ్మలు, బెర్తు కోసం పోట్లాట. అవి కూడా నాటకమైతే ఈ పదిహేనేళ్ళలో నాకు మిగిలేదేమిటి?

"ఒక్కటి చెప్పు చాలు" అన్నాను. "ఒక్క రోజైనా నిజంగా నాతో రావాలనుకున్నావా?"

ఆమె కళ్ళు దించి, "అనుకున్న అక్కా" అంది. "శాన సార్లు అనుకున్న."

నాకు కావలసిన మాట అదే. అదొక్కటి నిజమైతే మిగతాదంతా ఎప్పటికో ఒకప్పటికి మరిచిపోయేదాన్ని. కానీ మాటకు ముందు చిన్న ఊపిరి, 'అక్కా' దగ్గర సన్నటి వణుకు, చివర్లో మెల్లగా గొంతు దించడం. ఏడుపు మాట అలా చెప్పాలని ఆమెకు నేర్పింది నేనే. ఆ రోజుల్లో పది టేకులకు గాని కుదిరేది కాదు.

ఇప్పుడు మొదటి టేకులోనే వచ్చింది.