వేమూరు దాటాక ఆగిన పెళ్లి భోజనాల బండి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి వేసవి అది. వాయిదా పడ్డ పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. తెనాలిలోని నా డీజిల్ మెకానిక్ షెడ్డుకు మేరీరత్నం గారు తన పాత పికప్ ట్రక్కు తీసుకొచ్చారు. ఆవిడ పెళ్లిళ్లకు వంటలు చేయించి, బండి తనే నడుపుకుంటూ వెళ్లి వడ్డించి వస్తారు.

"అరగంట బాగానే వెళ్లిద్ది అన్నయ్యా. తర్వాత ఊపిరాడనట్టు ఆగిపోయిద్ది. ఎంత తిప్పినా స్టార్టవదు. కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలే. మొన్న బాపట్ల వెళ్తుంటే రెండుసార్లు ఆగింది."

ట్యాంకు మూత తీసి డీజిల్ చూశాను. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఫ్యూయల్ ఫిల్టర్, అంటే డీజిల్‌లో చెత్తను ఆపే జల్లెడ లాంటిది, మార్చి పంపాను. మూడో రోజుకి మళ్లీ వచ్చారు. ఈసారి పంపు, పైపులు అన్నీ విప్పి చూశాను. ఎక్కడా లోపం లేదు.

"మీ షెడ్డంటే దీనికి భయమనుకుంటా" అని నవ్వారు గానీ, వెంటనే ఆవిడ మొహం వాడిపోయింది. "గురువారం రేపల్లెలో పెద్ద పెళ్లి. దారిలో ఆగిందంటే ఇంక నన్నెవరూ పిలవరు అన్నయ్యా."

"నేనూ వస్తానమ్మా. అది ఆగిన చోటే చూడాలి."

గురువారం పొద్దున పులిహోర, గుత్తొంకాయ గిన్నెల ఘుమఘుమల మధ్య బయల్దేరాం. వేమూరు దాటాక కాలవ పక్కన ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఆగిందమ్మా!" అని సంబరంగా అరిచాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

ఫిల్టర్ మీద హ్యాండ్ ప్రైమర్ అనే చిన్న చేతి పంపు ఉంటుంది. నొక్కితే లోపలికి పోయింది గానీ పైకి లేవలేదు. అంటే ట్యాంకు నుంచి డీజిల్ రావడం లేదు. వెళ్లి ట్యాంకు మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది! ప్రైమర్ టక్కున పైకి లేచింది. నాలుగుసార్లు నొక్కి తాళం తిప్పమన్నాను. ఒక్క తిప్పుకే ఇంజిన్ గర్జించింది.

"ఈ మూత కొత్తదామ్మా?"

"అవునన్నయ్యా. పాతది బంకులో మర్చిపోతే ఇంకోటి కొన్నా. అప్పటినుంచేగా ఈ గోల! మూతేగా అని చెప్పలేదు."

"నేనూ అడగలేదుగా."

డీజిల్ ఖర్చయిన కొద్దీ దాని చోటులోకి గాలి రావాలి. అందుకు మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. ఈ మూతకు అది లేదు. బండి కాసేపు ఆగితే సందుల్లోంచి కొంచెం గాలి దూరి మళ్లీ కదిలేది. ఇక షెడ్డులో నేను డీజిల్ చూడ్డానికి మూత తీసినప్పుడల్లా, నాకు తెలియకుండానే జబ్బు కుదిర్చి, జబ్బేదీ లేదని చెబుతున్నాను! ఆ మాట చెప్పగానే ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

మూత వదులుగా బిగించి, మొదటి బంతికి అరగంట ముందే రేపల్లె చేరాం. గ్రీజు బట్టలతో పక్కకు తప్పుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టారు. "ముందు నువ్వు తిను అన్నయ్యా. ఈ భోజనాలు టైముకి వచ్చింది నీ వల్లే" అంటూ రెండు వంకాయలు ఎక్కువే వేశారు. మర్నాడు రంధ్రమున్న మూత తెచ్చి పెట్టాను. ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు.

అప్పటినుంచి ఎవరి బండి వచ్చినా బానెట్ ఎత్తే ముందు ఓ స్టూలు వేసి కూర్చోబెడతాను. "ఇది మొదలవక ముందు ఏం మార్చారండీ? ఎంత చిన్నదైనా చెప్పండి" అని అడుగుతాను. నడిపేవాళ్లకు తెలిసిన సంగతి బోల్టులు విప్పే నా పానాలకు తెలియదు.