రెండు గ్లాసుల మక్కగింజలు

ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఎండబెట్టి ఎనిమిది రోజులైంది. చినుకు తగిలితే కొమ్ము నల్లబడుతుంది. నేను, మా అత్త కలిసి పసుపును కుప్పలు చేసి టార్పాలిన్లు కప్పుతున్నాం. సగం కప్పేసరికి ఫోన్ మోగింది. ఆర్మూర్‌లో మా బిడ్డ వెళ్ళే సెంటర్‌లోని ఆయా. ఆ సెంటర్ నడిపే మేడం తెల్లవారుజామున పోయారని చెప్పింది. గుండెపోటు అంది. "ఎట్ల?" అని అడిగాను. "నాకేం తెల్వదక్కా, నేనొచ్చేసరికే అంత అయిపోయింది" అని పెట్టేసింది.

మిగిలిన సగం కూడా కప్పాం. అంచుల మీద రాళ్ళు పెట్టాం. పని ఆపాలో ఆపకూడదో తెలియలేదు. అత్త చేతులు దులుపుకుని మొదట అడిగిన మాట ఇదీ:

"మరి కార్డో?"

చదివే మీకు ఈ మాట అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మా బిడ్డ శ్రావణికి తొమ్మిదేళ్ళు. మాటలు రావు. ఏదైనా తట్టుకోలేనప్పుడు పిడికిలితో నుదురు కొట్టుకుంటుంది. మెల్లగా కాదు. ఇలాగే కొట్టుకుంటే కంటికి ప్రమాదమని నిజామాబాద్ దవాఖానలో చెప్పారు. నా భర్త మస్కట్‌లో ఉంటాడు. ఫోన్‌లో "కొట్టుకుంటుందా?" అని అడిగితే "తక్కువే" అనేదాన్ని. నేను, అత్త ఇద్దరం చేనికి పోవాల్సి వచ్చినప్పుడు అత్త తువ్వాలతో దాని చేతులు కట్టి మంచం మీద కూర్చోబెట్టేది. అది తప్పని తెలుసు. ఇంకేం చేయాలో తెలియదు.

మార్కెట్ యార్డుకు పోయే దారిలో, విత్తనాల దుకాణం పైన మేడం ఇలాంటి పిల్లల కోసం రెండు గదులు కిరాయికి తీసుకున్నారని ఎవరో చెబితే పోయాం. బోర్డు మీద ఏబీఏ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి. పిల్లల నడతను లెక్కపెట్టి చూసి, దేనివల్ల మారుతుందో కనిపెట్టే పద్ధతి అని తర్వాత చెప్పారు. మేడం హైదరాబాద్‌లో ఆ చదువు చదివి, కొన్నేళ్ళు అక్కడే పనిచేసి, సొంత ఊరి దగ్గర ఉందామని వచ్చారట.

ఆ మొదటి రోజు ఆటోలో దారి పొడవునా కొట్టుకుంటుందని చేతులు కట్టే తీసుకుపోయాం. మేడం దగ్గరికి రాలేదు. గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుని, "రావచ్చునా బిడ్డా?" అని అడిగారు. మాటలు రాని పిల్లను అడగడమేమిటని మా అత్త నన్ను గిల్లింది. చాలాసేపటికి శ్రావణి కాలు పక్కకు జరిపింది. అప్పుడు వచ్చి తువ్వాల విప్పారు. "చేతులు కడ్తె దెబ్బలు కనవడయి పెద్దమ్మా. గది తగ్గినట్టు కాదు" అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు ప్రతిసారీ అలాగే గుమ్మం దగ్గర ఆగి అడిగేవారు. పిల్ల జరగకపోతే ఆ రోజు బయటే కూర్చునేవారు. ఇరవై కిలోమీటర్లు ఆటోలో వచ్చి ఉత్తగా తిరిగిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

మందో మాకో, ఏదో ఒకటి ఇస్తారనుకున్నాను. దోసెడు మక్కగింజలు ఇచ్చారు. అవి కొంగుకు కట్టుకోవాలి. పిల్ల ఒకసారి కొట్టుకుంటే ఒక గింజ స్టీలు గ్లాసులో వేయాలి. సాయంత్రం లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి. దెబ్బకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని పక్కన రెండు గడులు.

"ఒక వారం లెక్క మాత్రమే వెట్టు చెల్లె. గట్టిగ కొట్టుకుంటే మెత్త అడ్డం వెట్టు. గంతకన్న ఏం చేయకు."

నాకు కోపం వచ్చింది. "దవాఖానకు పోతె గోలీలన్న ఇస్తరు. మీరు మక్కలిచ్చి తోలుతున్నరు మేడం."

"ఎందుకు కొట్టుకుంటుందో నాకు తెల్వదు. తెల్వకముందే ఏదో ఒకటి చేస్తె, రేపు తగ్గినా దేనికి తగ్గిందో తెల్వదు."

'నాకు తెల్వదు' అనే మాట అన్ని సార్లు అనే చదువుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మొదట్లో భయమేసేది. ఈమెకే తెలియకపోతే ఇక్కడికెందుకు వస్తున్నాం అనుకునేదాన్ని.

వారం తిరిగేసరికి గడుల్లో ఒక విషయం కనిపించింది. తల దువ్వడం, కుక్కర్ కూత, ఇంటికి నలుగురు రావడం. అక్కడి నుంచి తప్పించుకోవడానికే కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా మేం దువ్వెన పక్కన పెట్టేస్తున్నాం. మేడం ఒక అట్టముక్క మీద ఎర్ర అరచేయి బొమ్మ గీసి ఇచ్చారు. శ్రావణి అది మన చేతిలో పెడితే 'చాలు' అని అర్థం. కొట్టుకోనక్కర్లేకుండా చాలు అని చెప్పడం నేర్పాలి. దానికి ఒకటే షరతు.

"కార్డిచ్చినంక 'జర ఆగు బిడ్డా' అనొద్దు. దువ్వుడు ఆపాలె, ఆడికెల్లి లేసి పోవాలె. ఒక్కసారి ఆగుమంటివా, ఇగ అది వట్టి అట్టముక్క."

శ్రావణి కార్డు ఇచ్చిందని మా ఆడబిడ్డ ఇంట్లో బోనాలకు విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. చేయి కూడా సరిగా కడుక్కోలేదు. ఆడబిడ్డ రెండు నెలలు మాట్లాడలేదు.

గ్లాసులో గింజలు తగ్గుతూ వచ్చాయి. మేడం ఆ లెక్కతో ఒక గీత గీసి గోడకు అంటించారు. గీత కిందికి దిగుతుంటే ఆవిడ ముఖం చూడాలి. ధర్పల్లి నుంచి, సిరికొండ నుంచి వచ్చే తల్లులు మాకూ కార్డు కావాలన్నారు. కానీ ఒకరోజు మేడం శ్రావణి నుదురు దగ్గరగా చూశారు. గ్లాసు తగ్గుతోంది. వాపు తగ్గలేదు. "ఒక దినం మీ ఇంట్ల కూసోవచ్చునా?" అని నన్ను అడిగారు.

వచ్చి పొద్దుటి నుంచి వరండాలో కూర్చున్నారు. చేతిలో వేలితో నొక్కితే లెక్క పెరిగే చిన్న మీట. సాయంత్రం చూస్తే ఆవిడ లెక్క ముప్పై ఒకటి. నా గ్లాసులో పన్నెండు. నేను వేసినవి పన్నెండే కావు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. అందరం గ్లాసు వైపే చూస్తున్నాం. అప్పుడు మా అత్త తలుపు చాటు నుంచే అంది:

"కోళ్ళకేసిన."

"ఏందత్తా?"

"అవునే, కోళ్ళకేసిన. రోజు నాలుగైదు తీసి ఏస్తున్న. ఇయ్యాల మేడమొచ్చిందని ఇంకిన్ని తీసిన. పిల్ల దెబ్బలు గట్ల లెక్కవెడ్తె దిష్టి తాకదా? మళ్ళ అవి పట్నంల బుక్కులకెక్కుతయాయె. ఫలానోళ్ళ పిల్ల దినాం గిన్నిసార్లు నెత్తి కొట్టుకుంటదని ఊరంత సదువుకోవాల్నా?"

అంటే అంతకాలం ఎన్ని గింజలు పోయాయో ఎవరికీ తెలియదు. కార్డు పనిచేసిందో, కోళ్ళు తిన్నాయో తెలియదు. నేను అత్త మీద అరిచాను. మేడం అరవలేదు. నోటుబుక్కు తీసుకుని ఆ నెలల పేజీలన్నిటి మీద పెన్నుతో ఒక్కొక్క అడ్డగీత గీశారు. కింది అంకెలు కనిపించేలాగే గీశారు. చింపేయొచ్చు కదా అంటే, "తప్పు గుడ వుండాలె చెల్లె. లేకుంటె నేనే మర్సిపోత" అన్నారు.

ఆదివారం తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి గోడ మీది కాగితం తీసి చూపించారు. "ఇది పనిచేసిందని మీకు చెప్పిన. పనిచేసిందో లేదో నాకు తెల్వదు. ఒక్క మనిషితోనే లెక్క వెట్టించుడు నా తప్పు." మా పేరు చెప్పలేదు. సిరికొండ నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. "మరి మమ్ములనెందుకు తిప్పలు వెడ్తున్నరు మేడం? మీకే తెల్వకపాయె!" మేడం తలూపారు. "నిజమే అన్నా" అన్నారు. ఆయన తర్వాత రాలేదు. మేడం ఆ తప్పు దాచి ఉంటే ఆయన కూతురు వస్తూ ఉండేది కదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఏది మంచిదో ఇప్పటికీ తేల్చుకోలేను.

మళ్ళీ మొదటి నుంచి పెట్టాం. ఈసారి మేడం రెండో గ్లాసు తెచ్చి మా అత్త చేతిలోనే పెట్టారు. "నీ లెక్క నీది పెద్దమ్మా. కోడలికి చెప్పకు, కోడలిది చూడకు. బుక్కులకెక్కేది పేరు కాదు, వట్టి గింజలే." చదువు రాని మా అత్తకు ఎవరూ అంతకుముందు అలాంటి పని అప్పజెప్పలేదు. ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. "నీ గ్లాసుల రెండు తక్కువున్నయి. మొగనితోని ఫోన్ మాట్లాడుకుంట సూసినవా?" అని సాయంత్రం లెక్క రాశాక నిలదీసేది. కోళ్ళను గడప ఎక్కనిచ్చేది కాదు.

వానాకాలంలో రెండు గ్లాసులూ తగ్గాయి. చలికాలంలో ఇంకా తగ్గాయి. నుదురు చదునైంది. నాకు అది చాలు. మేడంకు చాలలేదు. పసుపు తవ్వకాలు మొదలయ్యాక పిలిపించి, నాలుగు రోజులు కార్డు తీసి దాచమన్నారు. పసుపు పని లేక నేను ఇంటి పట్టున ఉన్నందుకే తగ్గిందేమో, ఇప్పుడు పని మొదలైంది కాబట్టి చూడాలి అన్నారు.

"తగ్గింది గద మేడం. దేంతోని తగ్గితె ఏంది?"

"రేపు మళ్ళ లేస్తె దేన్ని పట్టుకుంటవ్? ధర్పల్లి తల్లి అడిగితె నేనేం చెప్పాలె?"

ఒప్పుకోవాలనిపించలేదు. వద్దనే మాటా రాలేదు. మేడం ఒక కాగితం రెండుసార్లు చదివి వినిపించారు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తల్లి గానీ అమ్మాయి గానీ దీన్ని ఆపవచ్చు అని అందులో ఉంది.

"పిల్ల ఎట్ల ఆపుతది మేడం?" అని అడిగాను. "దానికి మాటలు రావాయె. చాలు అని చెప్పే కార్డు మనమే గుంజుకుంటున్నం."

మేడం కాగితం ఇంకోసారి చదివారు. "గది నేను సోంచాయించలే" అన్నారు. పెన్ను తీసి కింద ఒక వాక్యం రాశారు. పిల్ల కార్డు కోసం వెతికితే ఆ క్షణమే ఇచ్చేయాలి, పరీక్ష అక్కడితో అయిపోయినట్టే. నేను సంతకం పెట్టాను.

మొదటి రోజు రెండు గ్లాసుల్లోనూ గింజలు పెరిగాయి. రెండో రోజు, మేం టార్పాలిన్లు కప్పుతుండగా, ఆ ఫోన్ వచ్చింది.

"మేడమే లేకపాయె. ఇగ ఈ లెక్కెవలకత్తా? కార్డిచ్చేద్దాం" అన్నాను.

"నాలుగు దినాలన్నది. నాలుగు దినాలు వెడ్త. నా గ్లాసు ముట్టకు" అంది అత్త.

గింజలు కోళ్ళకు వేసిన మనిషే ఈ మాట అంటోంది. ఒక్క రోజు పెరిగింది కాబట్టి కార్డే పనిచేసిందా? మబ్బుకు, మా హడావిడికి పెరిగిందా? చెప్పగలిగిన మనిషి లేదు. ఉన్నా 'నాకు తెల్వదు' అనేవారేమో. మరునాడు మేడం అంత్యక్రియలకు బయలుదేరేటప్పుడు కార్డు తీసి నా సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో చెప్పలేను.

హైవే పక్కన క్రైస్తవుల శ్మశానంలో ఏర్పాటు చేశారు. మేడం అన్నదమ్ములు, ఆయా, ఓ ఇరవై మంది తల్లులు, పిల్లలు. ఆమె చేతిలో బాగుకాని బిడ్డ లేదని పాస్టర్ అన్నారు. మేడం ఉంటే ఆ మాట మీద అడ్డగీత గీసేవారు. లారీల హారన్లు, పాటలు, ఏడుపులు. శ్రావణి ఒకసారి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. అత్త కొంగుముడి నుంచి రెండు గింజలు తీసి పిడికిట్లో పెట్టుకోవడం చూశాను. పెట్టెను గుంటలోకి దింపారు. మట్టి వేయడానికి అందరూ వరసలో నిలబడ్డారు. నా ముందు నలుగురు ఉన్నారు.

అప్పుడు శ్రావణి నా సంచిలో చేయి పెట్టి వెతికింది. దువ్వెన తీసి పడేసింది. నీళ్ళ సీసా తీసి పడేసింది. నేను కార్డు తీసి దానికిచ్చాను. అది వెంటనే నా చేతిలో పెట్టింది.

"జర మట్టేసి..." అని అత్త ఆగిపోయింది. "పో పో. నేనేస్త."

నేను, శ్రావణి మూడు గంటల యాభై నిమిషాలకు వెళ్ళిపోయాం. అత్త మట్టి వేసి, ఐదింటి బస్సుకు వచ్చింది.